శెనక్కాయ పొట్టు ఎత్తించిన రోజు

గత నెల నా పదవీ విరమణ సభలో, మా శాఖలో కొత్తగా చేరిన ఒక ఉద్యోగి లేచి, కోళ్ల గూడును వాసన లేకుండా ఉంచడం ఈ చుట్టుపక్కల పల్లెలకు మొదట నేర్పింది నేనేనని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దండ సర్దుకుని నమస్కారం పెట్టాను. ఇంటికి వచ్చాక ఆ నమస్కారం నన్ను నిద్రపోనివ్వలేదు.

నేను ఎవరికీ నేర్పలేదు. నాకే ఒకామె నేర్పింది. ఆమె గూటిని నేను పాడుచేశాను. ఆమె కోళ్లు చచ్చాయి. తప్పు ఆమెదని నా చేత్తో నేనే రాశాను. కొత్తగా ఈ ఉద్యోగాల్లోకి వస్తున్నవాళ్లు చప్పట్లను బట్టి నా గురించి ఏదో అనుకోకుండా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ వేయను. ఆమె పేరు ఒకసారి రాసి చేసిన చెరుపు చాలు.

నేను గ్రామసేవకుడిగా చేరింది యాభయ్యో దశకం చివర్లో. పెనుకొండలో ఒక గది అద్దెకు తీసుకుని, సైకిలు మీద పరిగి వైపు పల్లెలు తిరిగేవాణ్ణి. ఉద్యోగం తాత్కాలికం. పై అధికారి ఒక మంచి ముక్క రాస్తే నిలుస్తుంది, లేకుంటే లేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ల చేత తెల్ల కోళ్లు పెంచే పథకం ఒకటి వచ్చింది. నాకు అప్పగించిన ఒక పల్లెలో ఏడు ఇళ్లకు పన్నెండేసి కోళ్లు ఇచ్చాము. రెండు నెలల పిల్లలు.

నాటుకోడికి గూడుతో పెద్ద పని లేదు. పొద్దంతా పెంటదిబ్బల మీద తిరుగుతుంది, చీకటి పడితే గంప కింద దూరుతుంది. ఈ తెల్లవాటిని గూట్లోనే పెట్టి మేపాలి. తిండి అక్కడే, రెట్ట అక్కడే. నెల తిరిగేసరికి ఆ గూళ్ల కంపు వీధి మొదటికే వచ్చేది. మాకిచ్చిన కరపత్రంలో మందు ఒకటే రాసి ఉంది. ప్రతి ఉదయం గూడును నీళ్లతో కడగాలి, ఫినాయిలు చల్లాలి. నా తనిఖీ ఫారంలో కూడా ఒక గడి ఉండేది, నేల కడిగారా అని. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. మాది వ్యవసాయదారుల ఇల్లు. మా అమ్మ తెల్లవారకముందే వాకిలంతా పేడనీళ్లు చల్లి, పండగొస్తే గోడల దాకా అలికేది. మా ఇంట్లో శుభ్రం అంటే తడి. ఆరిన నేల కనిపిస్తే ఇంకా పని కాలేదని అర్థం.

ఏడు గూళ్లలో ఆరు నేను చెప్పినట్టే కడిగేవాళ్లు. ఆ ఆరూ కంపు కొట్టేవి. ఏడోది కొట్టేది కాదు.

ఆ ఏడో గూడు గొర్రెలు కాచే ఇంటిది. ఆమెకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. మొగుడు మందను తోలుకుని ఏటా ఆరేడు నెలలు బయటే. ఇంట్లో ఆమె, అత్త. అదే దొడ్లో చిన్న గోడకు అవతల బావ, అంటే మొగుడి అన్న, కాపురం. ఆయనకు ఈ కోళ్లంటే మొదటి నుంచీ గిట్టదు. గూడు కట్టే రోజే నా ఎదుట ఆమెతో తేల్చి చెప్పాడు: "కంపు నా గోడ దాటిన పొద్దు, నీ గూడు నేనే పీకేస్తా. మళ్ల ఏడిస్తే వినేది లేదు."

ఆమె ఊఁ అంది. ఆయన లోపలికి పోయాక నాతో అంది: "గొర్రెలన్నీ ఉమ్మడి మందవప్పా. అందులో నాదని చెప్పుకొనేకి ఒక్క పిల్ల లేదు. ఈ పన్నెండూ నావి."

రెండో నెలలో ఒక ఉదయం వెళ్లి గూట్లోకి తొంగిచూశాను. నేల మీద జానెడు మందాన వేరుశెనగ పొట్టు పరిచి ఉంది. కోళ్లు దాన్ని గీరుకుంటూ తిరుగుతున్నాయి. ఎక్కడా నీళ్ల చుక్క లేదు.

"ఏమక్కా, ఈ పొద్దు గూడు కడగలేదా?"

"లేదప్పా."

"ఎన్ని దినాలాయె కడిగి?"

"కోళ్లొచ్చినప్పటి నుంచీ కడగలేదు."

నాకు కోపం రావాలి. రాలేదు, ఎందుకంటే ముక్కు ఒప్పుకోలేదు. తల లోపలికి పెట్టి పీల్చాను. ఎండిన మట్టి వాసన, కొంచెం వేరుశెనగ మిల్లు దగ్గరి వాసన. అంతే.

"ఏం చేస్తాండావు దీనికి? సాంబ్రాణి గీంబ్రాణి వేస్తాండావా?"

ఆమె నవ్వింది. "కోళ్లకు సాంబ్రాణి ఏందప్పా? పెండ్లా వాటికి?"

నాకు నమ్మకం కుదరలేదు. నేను వచ్చే వేళకు ఏదో చేసి పెడుతోందనుకున్నాను. అందుకని వేళ మార్చాను. ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఒకసారి పొద్దు గూకేముందు, ఒకసారి ఊరికి అవతలి దారి నుంచి వచ్చి చెప్పాపెట్టకుండా గూటి ముందు దిగాను. ఎప్పుడు చూసినా అంతే. ఆమె అత్త అరుగు మీద కూర్చుని, "ఏమబ్బా, కోళ్లకు సంబంధం చూసేకి వచ్చినట్ల వస్తాండావు," అని ఎగతాళి చేసేది.

నా ముక్కు మీద నాకే అనుమానం వచ్చి, ఒకరోజు పశువుల ఆసుపత్రి కాంపౌండరును వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయనది హిందూపురం. నాకంటే పదేళ్లు పెద్ద. వేళ్ల మధ్య ఎప్పుడూ నశ్యం చిటికె ఉండేది. నశ్యం పీల్చే ముక్కును వాసనకు సాక్షిగా తీసుకుపోవడం ఏమిటని దారిలో తట్టింది గానీ, అప్పటికే సగం దూరం తొక్కాము. ఆయన ముందు మిగతా ఆరు గూళ్లూ చూసి, ఏడో దాంట్లోకి వంగి దూరి, పొట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. బయటికి రాడే.

"ఏమన్నా, ఏమైనా తెలుస్తాండాదా?"

"ఆ ఆరింటి కంపు నా నశ్యాన్ని తోసుకొని వచ్చింది. ఇది రాలేదు. అంటే ఈడ లేదు." చెయ్యి పొట్టులోకి మణికట్టు దాకా దించాడు. "అడుగున ఎరువు మాదిరి పొడిపొడి అయిపోయిందప్పా. రెట్ట యాడుందో చెప్పేకి లేదు. లేసాగా వెచ్చగా కూడా ఉండాది. పెట్టు నీ చెయ్యి."

పెట్టాను. నిజమే. ఆయన బయటికి వచ్చి ఆమెనే అడిగాడు, ఇదంతా ఎవరు చెప్పారని.

"ఎవురు చెప్పేదేముంది? మా గొర్రెల దొడ్డి చూడలేదా? ఎండకాలం మేము ఆ పెంటికల మీదే పండుకుంటాం. కంపు కొడతాదా? అదే వాన పడినాక రాండి, ఊరి బయట్నుంచే ముక్కు మూసుకుంటారు. రెట్టకు వాసన లేదు సారూ. తడికి వాసన."

ఆమె చేసే పని అంతా కలిపి నాలుగు ముక్కలు. మిల్లు నుంచి తెచ్చిన పొట్టును మందంగా పరవడం. పొద్దున, సాయంత్రం పిడికెడు కొర్రలు పొట్టు మీద చల్లడం. వాటి కోసం కోళ్లే గీరి గీరి పొట్టును తిరగేస్తాయి. నీళ్ల మూకుడును గూటి బయట రాయి మీద పెట్టడం. కోళ్లు కమ్మీల్లోంచి తల బయటికి పెట్టి తాగుతాయి, ఒలికినా లోపల తడవదు. ఎక్కడైనా తడిసి గడ్డకట్టిన చోట ఆ గడ్డ తీసేసి, రెండు దోసిళ్ల ఎండు పొట్టు వేయడం.

తిరిగి వస్తూ కాంపౌండరు సైకిలు దిగి మరీ చెప్పాడు: "ఇది ఎందుకు ఇట్లయితాందో నాకు తెలీదు, నీకూ తెలీదు. తెలీనప్పుడు ముట్టుకోవద్దు."

ఆ మాట విన్నట్టే ఉన్నాను. మా పై అధికారితో చెప్పబోతే, "అవన్నీ నీకెందుకయ్యా? కడిగారా లేదా, గడిలో టిక్కు పెట్టు," అన్నాడు. కడగలేదని పెడితే ఆమెకు ఇబ్బంది, నాకు ప్రశ్నలు. కడిగినట్టే టిక్కు పెట్టాను. పక్కన 'వాసన లేదు, చాలా బాగుంది' అని కూడా రాశాను. రెండో ముక్క నిజం. ఆ నిజమే కొంపముంచింది. జిల్లా నుంచి పెద్ద అధికారి పర్యటనకు వస్తున్నాడని, నా ఫారాలు చూసి, అన్నింటిలోకీ బాగున్న ఆ గూటినే ఆయనకు చూపించాలని ఆఫీసులో నిర్ణయించారు.

అప్పుడు నాకు భయం పట్టుకుంది. రోజూ కడుగుతున్నట్టు కాగితం. గూట్లో మూడు నెలల పొట్టు. చూసినవాడు ముందుగా అడిగేది నన్నే.

పర్యటనకు ముందురోజు పొద్దున్నే వెళ్లి, పొట్టంతా ఎత్తేసి, నేల కడిగి, పేడతో అలకమన్నాను. అప్పటికి మూడు కోళ్లు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. తెల్లటి గుడ్లు. ఆమె వాటిని బియ్యం కుండలో దాచి, వచ్చినవాళ్లకల్లా చూపించేది.

"ఉత్తర కార్తె జరుగుతాంది. మోడం పట్టింది చూడు," అంది పైకి చూపించి. "ఇప్పుడు తడిపితే ఆరేదెట్ల?"

"ఒక్క దినమే గదక్కా. ఆయన వచ్చి పోతానే మళ్ల వేసుకో."

"వేసుకునేకి పొట్టు యాడ తెచ్చేది? కాయలింకా భూమిలో ఉండాయి. మిల్లు తిరిగేకి ఇంకా రెండు నెలలు."

"ఈ పొట్టే వేసుకో."

"బయట పోసినాక వాన పడితే?"

ప్రతి మాటా సరైనదే. అయినా నేను వెనక్కి తగ్గలేదు. "చెయ్యకుంటే కోళ్లు వెనక్కి తీసుకుంటారు," అన్నాను. అలా అని నాకు ఎవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు నేనే పుట్టించాను.

ఆమె చెంగు నడుముకు చెక్కుకుని గూట్లోకి దూరింది. గంపలకు గంపలు పొట్టు దిబ్బ మీద పోసింది. బిందెలతో నీళ్లు పోసి కడిగింది. పేడ తెచ్చి, చెయ్యి తిప్పుతూ అలికింది. నేను ఫినాయిలు చల్లాను. కోళ్లు గీరడానికి ఏమీ లేక తడి నేల మీద ఒంటికాలి మీద నిలబడ్డాయి. చూడటానికి ఎంత బాగుందో చెప్పలేను. మా అమ్మ చూస్తే మెచ్చుకునేది.

మర్నాడు పెద్ద అధికారి జీపు దిగి, గూటి ముందు నాలుగు నిమిషాలు నిలబడ్డాడు. "ఆసుపత్రి మాదిరి ఉంది," అన్నాడు. ఆమె ధైర్యం చేసి, "సామీ, ఇది రోజూ ఇట్ల..." అని మొదలుపెట్టింది. "రోజూ ఇలాగే ఉంచుతుంది సార్," అని నేను అందుకుని పూర్తిచేశాను. ఆయన నా భుజం తట్టి జీపెక్కాడు. జీపు వెళ్లిన దుమ్ము అణగకముందే చినుకులు పడ్డాయి.

మూడు రోజులు ముసురు. నేను పర్యటన కాగితాల పని మీద హిందూపురంలో ఉండిపోయాను. వారం తర్వాత పల్లెకు వెళ్తే వీధి మలుపులోనే తెలిసింది. కళ్లు మండేంత ఘాటు. దొడ్డి వాకిట్లో బావ నిలబడి ఉన్నాడు.

"రాప్పా రా. నీ ఆసుపత్రి వాసన పీల్చి పో."

గూట్లో పేడ అలుకు ముద్దయిపోయింది. రెట్ట, తడి కలిసి నల్లగా అంటుకుపోయాయి. దిబ్బ మీద పోసిన పొట్టు నాని కుళ్లింది. ఏడు కోళ్లు అప్పటికే పోయాయి. మిగిలినవి రెక్కలు వేలాడేసి, మెడ ముడుచుకుని మూలన ఒదిగాయి. రెట్టలో రక్తం. నేను సైకిలు మీద పోయి కాంపౌండరును తీసుకొచ్చాను. ఆయన నీళ్లలో మందు కలిపి పట్టించాడు. "రక్తపు పారుడు. తడికి అలవాటు లేని కోళ్లు. తడి నేలలో పట్టుకుంటే ఇంతే," అన్నాడు. దిబ్బ వైపు చూసి, నా వైపు చూసి, నశ్యం పట్టు కూడా పీల్చకుండా వెళ్లిపోయాడు.

రెండు మిగిలాయి. బావ తన మాట ప్రకారం గూడు పీకేశాడు. కమ్మీలు విరుస్తుంటే ఆమె అడ్డం పోలేదు. ఆ మిగిలిన రెంటినీ పట్టి నా సైకిలుకు కట్టిన గంపలో తనే పెట్టింది. "వెనక్కి తీసుకుంటారంటివి గదప్పా," అంది.

చావులకు కారణం రాయాల్సి వచ్చింది. పేరు, భర్త పేరు, ఊరు అన్నీ పూర్తిగా రాసి, 'పెంపకందారు గూటిని పరిశుభ్రంగా ఉంచనందువల్ల' అని ముగించాను. ఆ వాక్యం రాయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. అక్కడితో ఆగి ఉంటే అది బీరువాలో పడి ఉండేది. మా పై అధికారి ఆ కాగితాన్ని ఆ పల్లెకే తీసుకుపోయి, మిగతా ఆరు ఇళ్ల ఆడవాళ్లను కూర్చోబెట్టి, హెచ్చరికగా గట్టిగా చదివాడు. ఆమె కూడా అక్కడే ఉంది. నేనూ ఉన్నాను. కరపత్రాలు పంచుతున్నాను. ఆ పూట నుంచి ఊళ్లో ఆమెకు 'పాచి మనిషి' అని పేరు పడింది. మందతో తిరిగివచ్చిన మొగుడికి కూడా ఆ మాటే ముందు చెప్పారట. నా ఉద్యోగం ఖాయమైంది.

కొన్నేళ్లు గడిచాయి. అరవయ్యో దశకం నడిమిలో ధర్మవరంలో మాకు వారం రోజుల శిక్షణ పెట్టారు. పట్నం నుంచి వచ్చిన శిక్షకుడు నల్లబల్ల మీద గూడు బొమ్మ వేసి కొత్త పద్ధతి చెప్పాడు. నేల కడగకూడదు. వేరుశెనగ పొట్టు మందంగా పరవాలి. గింజలు చల్లితే కోళ్లే తిరగేస్తాయి. నీళ్ల పాత్ర పొట్టుకు దూరంగా ఉండాలి. తడిసిన గడ్డ తీసేయాలి. అడుగున రెట్ట, పొట్టు కలిసి మాగుతూ వేడెక్కుతాయి, తడి లేకుండా ఉంటే వాసన రాదు. చుట్టూ అందరూ చకచకా రాసుకుంటున్నారు. నేను కలానికి మూత పెట్టేశాను. ఎందుకు వెచ్చగా ఉండేదో కూడా ఆ రోజే తెలిసింది.

"ఇది మీలో ఎవరైనా చూశారా?" అని అడిగాడాయన. నా చెయ్యి లేచింది. చూశానని చెప్పి ఆపాల్సింది. "ఆరేళ్ల కిందటే ఒక పల్లెలో చేయించాను సార్," అన్నాను. ఆ 'చేయించాను' అక్కడి నుంచి నాతోపాటు ప్రతి ఆఫీసుకూ వచ్చింది. మొన్నటి చప్పట్లు దానివే.

శిక్షణ అయిన నెలకు, కొత్త కరపత్రం పట్టుకుని ఆ పల్లెకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే సరిగా తెలీదు. గూడు ఉన్నచోట కట్టెలు పేర్చి ఉన్నాయి. ఆమె జొన్నలు చెరుగుతోంది. కరపత్రం చదివి వినిపించాను. చేట ఆపకుండానే వింది.

"ఇది నేను చెప్పిందే గదా?"

"నువ్వు చెప్పిందేనక్కా."

"మరి నీ కాయితంలో నేను పాచి మనిషినని ఉండాదే, అది?"

"అట్లే ఉండాది. నాదే తప్పు. నేనే పొట్టు ఎత్తించి, నీ మీద రాస్తి."

ఆమె చేట కింద పెట్టింది. "ఆ మాట బావ ఇనేట్టు చెప్పు."

గోడ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన మంచం మీద నుంచి లేవకుండా విన్నాడు. "ఎవురు చేస్తేనేమప్పా, కంపు కొట్టింది నిజమే గదా?" అన్నాడు.

"ఇట్లంటాడని నాకు తెలుసు," అంది ఆమె నాతో. "నోటి మాటకు నోటి మాటే వస్తాది. నువ్వు అప్పుడు రాసింది గదా, ఊరంతా నమ్మింది. మళ్ల రాయి."

ఆఫీసుకు వచ్చి, పాత కాగితాన్ని సరిదిద్దడం వీలవుతుందా అని గుమాస్తాను అడిగాను. అబద్ధపు నివేదిక ఇచ్చానని నువ్వే రాసిస్తే దిద్దుతారు, ఆ తర్వాత నిన్ను దిద్దుతారు అన్నాడు. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. రాయలేదు. ఆ సంగతి చెప్పడానికి మరోసారి వెళ్లాను.

"ఆ కాయితం ఇప్పుడు ఎవురన్నా చదువుతారా?" అని అడిగింది.

"ఎవరూ చదవరక్కా. బీరువాలో ఉంటాది."

"అయితే దాన్ని దిద్ది ఏం లాభం? నలుగురు చదివే దాంట్లో రాయి."

రాస్తానన్నాను. పింఛను చేతికి వచ్చేదాకా రాయలేదు. అది కూడా ఇక్కడ చెప్పి తీరాలి.

ఆమె ఉందని, ఆ ఇంట్లోనే ఉందని మొన్న పరిగి వైపు నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. ఆమెకు చదువు రాదు. ఇది అచ్చయ్యాక నేనే తీసుకుపోయి చదివి వినిపించాలి. గోడ అవతల బావ కూడా ఉన్నాడట. ముసలివాడయ్యాడు, చెవులు సరిగా వినిపించవట. గట్టిగా చదవాలి.